బావ కుడి కన్ను

మల్లయ్య బావ మా అక్క భర్త, జనగామ దగ్గర పత్తి రైతు. రెండేళ్ల క్రితం కుడి కన్ను మసకబారిందని ఫోన్ చేస్తే, సూరత్‌లో మరమగ్గం నడుపుకునే నేను పెద్ద డాక్టర్‌లా సలహా ఇచ్చాను: "శుక్లం పండనీ బావా. పచ్చిగుంటే తియ్యరు." మా ఇళ్లలో అందరూ అనే మాటే. ఆయన నమ్మి ఆగాడు. ఈ ఏడు కలుపు అనుకుని పత్తి మొక్కలే పీకేశాడని అక్క ఏడిస్తే, ఆయన్ని సూరత్‌కు తీసుకొచ్చి చూపిద్దామని ఊరికి వెళ్లాను.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం మూడింటికి రైలెక్కాం. అక్క కట్టిచ్చిన జొన్నరొట్టెలు తిన్నాం. రైలు ఆగిన ప్రతిచోటా బావ "గిదేం ఊరురా?" అని అడిగాడు. బోర్డు కిటికీ ఎదురుగానే ఉండేది.

ఉదయం ఏడున్నర దాటాక సూరత్. నవాగామ్‌లో నా గదిలో సంచులు పడేసి, ఆటోలో ధర్మాసుపత్రికి బయలుదేరాం. రింగ్ రోడ్‌పై బట్టల మూటల బండ్ల మధ్య అరగంట ఇరుక్కున్నాం. వెళ్లేవారు ఆధార్ కార్డు మరవకండి. చీటీలు ఎనిమిదికే ఇస్తారు. మేం చేరేసరికి వరుస గేటు దాటింది. ఆపరేషన్‌కు నా వారం కూలి కూడా కాదు. ఇంత చవకని తెలిసీ మనిషిని ఆపాను.

డాక్టరమ్మ టార్చి వేసి చాలాసేపు చూసి, హిందీలో నన్నే అడిగింది. "ఇన్నాళ్లు ఎందుకాగారు? శుక్లం ముదిరిపోయి, కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. కుడి కంటికి ఇక చూపు రాదు. ఎడమదానిలోనూ శుక్లముంది, దానికి చేస్తాం."

"ఏమంటున్నదిరా?" అన్నాడు బావ.

"ఎడమదానికి చేస్తరట."

"మరి కుడిది?"

నేను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

మూడో రోజు ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పగానే నన్ను చూసి నవ్వాడు. "ఏందిరా, నీకూ నెరిసిందా? నెలాగి పత్తి ఏరుతా, సూడు." ఆ సంతోషం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

వారం తర్వాత తిరుగు రైలు. కొడుకింటికి వచ్చి వెళ్తున్న సిరిసిల్ల పెద్దమనిషి ఒకాయన, బావ నల్లద్దాలు చూసి, "నాకూ శుక్లమే. పండనియ్యాలె గదా?" అన్నాడు.

"వద్దన్నా! దిగంగనే పో. నాకు గట్లనే ఎవడో చెప్తే ఆగిన," అన్నాడు బావ.

"ఎవడు వాడు?"

"యాదికి లేదు."

సూరత్‌లో కన్ను బాగుచేయించుకోవడం చవకే. ఎప్పుడు బయలుదేరాలో మాత్రం నాలాంటివాణ్ణి అడక్కండి. ఆ 'ఎవడో' నేనేనని ఆ పెద్దమనిషికి చెప్పాల్సింది. చెప్పలేదు. బావకు కుడిపక్కన, ఆయనకు కనబడని వైపు కూర్చున్నాను.