బోర్డు మీద బాపు పిలుపు

మా బాపు గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఇంట్లో కుదురుగా కూర్చున్నవాళ్లు లేరు. మాట తిరిగి వస్తుందో రాదో దవాఖానలో ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఎనుమాముల మార్కెట్‌లో ఆయనది మిర్చి అడితి. రైతు తెచ్చిన మిర్చిని అమ్మిపెట్టడం ఆయన పని. కానీ రైతులు మా దుకాణానికి వచ్చేది బాపు పిలుపు కోసం. ఊరు, ఇల్లు, ఇంట్లో పెద్దవాడా నడిపివాడా చిన్నవాడా అన్నది, చివర కాకా బావా అన్న వరస, ఇవన్నీ కలిపి పిలుస్తాడు. వరస లేకుండా మనిషిని పిలవడం ఆయన దృష్టిలో ముఖం తిప్పుకోవడమే. "వర్ధన్నపేట బాయికాడి నడిపి కాకా, కాంటా కాడికి రాండ్రి!" అని ఆయన కేకేస్తే షెడ్డు అవతల కునుకు తీస్తున్న మనిషి కూడా లేచి తువ్వాల దులుపుకునేవాడు.

ఆ గొంతు పోయింది. మైకు పెట్టి వేరేవాళ్లతో పిలిపిద్దామంటే బాపు తల అడ్డంగా ఊపాడు. నేను చిన్న చిన్న చిప్పులకు సీ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసి బతికేదాన్ని. ఎర్ర అక్షరాలు పరుగెత్తే బోర్డు ఒకటి తెచ్చి, పిలుపును దాని మీద ఆడిస్తానన్నాను. ఒకసారి అన్నాక ఆగే స్వభావం కాదు నాది. సుబేదారిలోని మా ఇంట్లో అన్నం కంచం పక్కన పెట్టుకునే రాశాను.

ప్రోగ్రాములో పిలుపు ఒక్కసారిగా పుట్టదు. ఊరు తెచ్చి, దానికి ఇల్లు అతికించి, ఆ వెనక వరస అతికించాలి. అతికించడానికి మెమరీలో జాగా కావాలి. నేను స్టాక్ మీద తీసుకున్నాను. స్టాక్ జాగా అంటే మార్కెట్‌లో రైతు కుప్ప పోసుకోవడానికి ఇచ్చే జాగా లాంటిదే. పని ఉన్నంతసేపే మనది. కాంటా అయిపోగానే ఊడ్చి ఇంకొకరికి ఇస్తారు. ఎంత కావాలో ముందే అంచనా కట్టి, ఒక కొలత పెట్టేశాను. పట్టని మాట వస్తే దాన్ని సగానికి కోయకుండా అక్కడే ఆపెయ్యమనీ రాశాను. బోర్డు మీద విరిగిన అక్షరాలు కనిపిస్తే అసహ్యంగా ఉంటుందని. ఆ తెలివే కొంప ముంచింది.

మొదటి రోజు బాపు మెడకు తువ్వాల చుట్టుకుని, బల్ల దగ్గర నిలబడి మీటలు నొక్కి పిలుపులు కొడుతున్నాడు. మచ్చ ఎవరికీ చూపించలేదు. మాట పోయిన అడితిదారు దగ్గరికి ఎవరొస్తారని ఆయన భయం. పొట్టి ఊళ్ల వాళ్ల పిలుపులు బాగానే వచ్చాయి. నేను మాత్రం బోర్డు కిందకీ బల్ల దగ్గరకీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. అప్పుడు వచ్చింది, "వర్ధన్నపేట బాయికాడి నడిపి" అని. అక్కడితో ఆగింది. 'కాకా' లేదు, 'రాండ్రి' లేదు.

ఆ నడిపి కాక తన బస్తాల దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"ఏం పిలుపు బిడ్డా ఇది? మీ బాపు ఒక్కనాడన్న కాకా అనకుంట పిలిశిండా? ఇయ్యాల గింతమందిల నడిపి అని రాపిత్తాండు!"

"కాకా, జర ఆగుండ్రి. బాపు మంచిగనే కొట్టిండు, మిషినే మింగింది."

"మిషిన్ మింగితె మీ బాపుకు నోరు లేదా? ఒక్క మాట అనరాదా?" అని, బస్తాలు మళ్లీ బండికెత్తమని తన వాళ్లకు చెప్పాడు.

నాకు ఒళ్లు మండింది. కోపం ఆయన మీద కాదు, ఆ మాట బాపు వింటున్నందుకు. బాపు బల్ల దాటి వచ్చి, కాక చేయి పట్టుకుని, మెడ మీది తువ్వాల తీశాడు. కాక ఆ మచ్చ చూశాడు. బస్తాలు ఎత్తుతున్నవాళ్లను చేత్తోనే ఆపి, "నాకెవ్వలు చెప్పలే" అంటూ ఒక బస్తా మీద కూలబడ్డాడు.

నేను ల్యాప్‌టాప్ తెరిచాను. తప్పు నా లెక్కలో ఉంది. 'వర్ధన్నపేట'లో 'ర్ధ' మన కంటికి ఒక్క అక్షరం. చిప్పుకు రకారం వేరు, పొల్లు వేరు, ధకారం వేరు. ఒక్కోదానికి మళ్లీ మెమరీలో మూడేసి గదులు. నేనేమో చిన్నప్పుడు పలక మీద దిద్దినట్టే అక్షరాలు ఎంచాను. ఒత్తులున్న ఊరు వచ్చేసరికి జాగా చాలక, చివర నిలబడ్డ మర్యాద బయటే ఉండిపోయింది.

పాత కొలత తీసేశాను. ముందు ముక్కలన్నీ కొలిచి, కూడి, మాట ముగిసిందని చిప్పుకు చెప్పే చివరి సున్నాకు ఒక గది కలిపి, సరిగ్గా అంత జాగా స్టాక్ మీద తీసుకొమ్మన్నాను. ఎవరైనా వంశమంతా విప్పితే చిప్పు కూలబడుతుందని దానికీ ఒక పైహద్దు పెట్టాను. జాగా ఖాళీ చేసేలోపే పిలుపు బోర్డు ఎక్కేలా మార్చాను. బాపు నా వెనక అటూ ఇటూ తిరుగుతున్నాడు. కాక బస్తా దిగలేదు.

బాపు మళ్లీ మీటలు నొక్కాడు. ఊరు వచ్చింది, ఇల్లు వచ్చింది, నడిపి వచ్చింది. "కాకా, కాంటా కాడికి రాండ్రి." కాక మా ఎదురుగానే ఉండి కూడా, షెడ్డు అవతలి నుంచి పలికినట్టు "ఆఁ, వత్తాన!" అని గట్టిగా పలికాడు.

ఆయన బస్తాలు కాంటా ఎక్కాయి. నాకు మాత్రం నిలకడ లేదు. ఇంకే పొడుగు ఊరు వస్తుందో, ఎవరి వరస రాలిపోతుందో అని తుమ్ముకుంటూ బోర్డు కిందే పచార్లు చేస్తున్నాను. అంతలో ఏ రైతుదీ కాని పిలుపు ఒకటి మొదలైంది. "సుబేదారి ఇంటి చిన్నదానా, ఊకె తిరుగకు, జర కూసో..." షెడ్డంతా తలెత్తి చదువుతోంది. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. కానీ కదల్లేదు. ఎర్ర అక్షరాలు ఒక్కొక్కటే ఎడమకు జరిగిపోతుంటే చివరి మాట కోసం నిలబడ్డాను.

"...బిడ్డా."

కూర్చున్నాను.