మలుపులత్త మార్చిన మలుపు

నా భుజాన వేలాడే సంచి పట్టీ తెగకపోయి ఉంటే ఆ ఊళ్ళో ఆగేవాణ్ణే కాదు. కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగేవాడికి ఊళ్ళన్నీ దారిలో తగిలే వసారాల్లాంటివి. కాసేపు నిలబడి, మంచినీళ్ళు తాగి, కదిలిపోతాడు. చుట్టూ చెట్లతో కిక్కిరిసిన కొండలు, కింద ఒకే ఒక పెద్ద వీధి, వీధి చివర కలప డిపో. డిపోకు ఎదురుగా టార్పాలిన్లు కుట్టే షాపుందని ఎవరో చెబితే వెళ్ళాను.

లోపల పెద్ద బల్ల. దాని మీద, పడుకున్న ఏనుగులా మడతలు పడిన బూడిదరంగు గుడ్డ. బల్ల చివర బరువైన కుట్టుమిషను, దాని ముందు ఒకావిడ. కుడిచెయ్యి మెడకు కట్టిన పట్టీలో ఉంది. ఎడమచేత్తోనే గుడ్డను సూది కిందికి నెడుతూ కుడుతోంది. జుట్టు సగానికి పైగా తెల్లబడింది. గోడకు, దారపు ఉండల పక్కన, బురద ఎండిన సైకిలొకటి తలకిందులుగా వేలాడుతోంది.

"చెయ్యి బాగయ్యాక వస్తాను లెండి," అన్నాను మర్యాదకు.

"మిషను తొక్కేది కాలితో," అంది తలెత్తకుండా. "ఇలా పడేయండి. ఎంత దూరం మోశారేంటి దీన్ని? పట్టీ కాస్తా పీచైపోయింది."

ఆవిణ్ణి ఊరంతా మలుపులత్త అంటుంది. సొంత మేనల్లుళ్ళు ఒక్కరూ లేరు. కొండ మీద సైకిలు తొక్కేవాళ్ళంతా తమంతట తామే ఆవిడకు మేనల్లుళ్ళయిపోయారు.

దారుల గురించి నేను చాలా చదివాను. సైన్యాల కోసం వేసినవి, ఉప్పు మోయడానికి వేసినవి, దొంగలు తప్పించుకోవడానికి వేసుకున్నవి. ప్రతి పుస్తకంలోనూ దారి వేయించినవాడి పేరుంటుంది. వంపు ఎక్కడ తిప్పాలో తేల్చినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. తిన్నగా పోవడంలో ఏముంది, తాడు లాగితే సరిపోతుంది. వంపు తిప్పాలంటే కొండతో మాట్లాడాలి. ఈ సంగతి మీద నా దగ్గర ఇంకా చాలా సరుకుంది కానీ, ముందు ఆవిడ కథ చెప్పనివ్వండి.

ఆవిడ భర్త లారీ నడుపుతూ ఈ షాపు కూడా చూసుకునేవాడు. ఆయన పోయాక షాపు ఆవిడ నెత్తిన పడింది. కొండకు అవతల కలప కోసే మిల్లుంది, టార్పాలిన్లకు పెద్ద గిరాకీ వాళ్ళే. రోడ్డున పోతే కొండంతా చుట్టాలి, ఒక పూట పోతుంది. అడ్డంగా అడవిలో పడితే దగ్గర. పాత సైకిలొకటి సంపాదించి, వెనక గుడ్డ కట్టుకుని, జంతువులు నడిచిన జాడ పట్టుకుని తొక్కడం మొదలుపెట్టింది. వానకు జాడ కోసుకుపోయిన చోట పార పట్టింది. ఆడమనిషి, పైగా ఆ వయసు, పైగా సైకిలు అని ఊరు మూడు రకాలుగా నవ్వింది. "నవ్వుకోండి, దారికి అడ్డం లేకుండా నవ్వుకోండి," అందట.

తర్వాత కుర్రకారు ఆ బాట మీద వచ్చిపడింది. మొదట ఆమె వెనక, తర్వాత ఆమె ముందు. లావు టైర్ల కొండసైకిళ్ళు వచ్చాయి. ఆమె తమ్ముడు పక్కనే సైకిళ్ళ షాపు తెరిచాడు, క్లబ్బు పెట్టి కార్యదర్శి అయ్యాడు. అటవీ ఆఫీసు వాళ్ళు వచ్చి చూసి, చెట్టు కొట్టనంతవరకు మాకేం అభ్యంతరం లేదన్నారు. ఒక్క బాట కాస్తా కొండ నిండా బాటలయ్యాయి. అన్నీ ఆమె తవ్వించినవో, తవ్వినవో.

ఆ క్లబ్బుకు ఒక కట్టుబాటుంది. కొత్త బాట పైకొసన అడ్డంగా ఒక కొమ్మ పడేసి ఉంచుతారు. బాట వేసినవాళ్ళే దాని మీద మొదటిసారి దిగాలి, పై నుంచి కింది దాకా కాలు నేల మీద పెట్టకుండా దిగాలి. దిగాక కింద నుంచి కేక వేస్తే అప్పుడు కొమ్మ తీస్తారు. అంతవరకు ఇంకో చక్రం దాని మీదికి పోకూడదు. నువ్వు దిగలేని దాంట్లోకి ఇంకొకర్ని పంపకు, అంతే దాని అర్థం. ఇంకోటి కూడా ఉంది. కొత్తగా చదును చేసిన మట్టి చెదిరిపోతుందని, తవ్వే రోజుల్లో దాని మీద దిగరు. పారలు భుజానేసుకుని ఎక్కుతూ తవ్వుతారు, సాయంత్రం పాత బండిదారిన ఇంటికొస్తారు.

చలికాలమంతా ఆవిడ అలాగే ఎక్కుతూ తవ్విన కొత్త బాటకు ఒక పెద్ద రాయి దగ్గర మలుపొచ్చింది. రాయి నీడలోంచి తిరిగితే లోయంతా ఒక్కసారిగా కళ్ళ ముందు పరుచుకుంటుంది. తన బాటలన్నిట్లోకి అందమైనది అదేనని ఆమె గట్టి నమ్మకం. తీరా మొదటిసారి దిగే రోజున, ఊళ్ళో సగంమంది చూస్తుండగా, సరిగ్గా అక్కడే పడింది. చెయ్యి విరిగింది. కొమ్మ తీయలేదు.

నేను సంచి తెచ్చుకోవడానికి వెళ్ళిన రోజున క్లబ్బు మీటింగు. "రండి పెద్దాయనా," అంది మలుపులత్త. "బయటివాడొకడు ఉంటే మావాళ్ళు కాస్త పద్ధతిగా మాట్లాడతారు."

సైకిళ్ళ షాపులో టైర్లు దండల్లా వేలాడుతున్నాయి. సభ్యులంతా బోర్లించిన పెట్టెల మీద సర్దుకున్నారు. మధ్యలో మాత్రం చేతులున్న మెత్తటి కుర్చీ, దానికి చుట్టిన అట్ట కూడా ఇంకా పూర్తిగా విప్పలేదు.

"ఇదెవరికిరా?" అంది.

"నీకే అక్కా," అన్నాడు తమ్ముడు. "నిన్ను గౌరవాధ్యక్షురాల్ని చేశాం. కొత్త బాట మనవాళ్ళలో ఎవరో ఒకరు దిగి తెరుస్తారు. నువ్వు కింద హాయిగా ఇందులో కూర్చుని చూద్దువు గాని."

"కట్టుబాటో?"

"మనం పెట్టుకున్నదేగా. మనమే సడలించుకుంటాం."

"నేను పడ్డచోటికి ఇంకొకళ్ళ పిల్లల్ని తోస్తానా? నీకేమన్నా మతి పోయిందా?"

"అయితే వానలు పడేలోపు నువ్వు దిగు. దిగలేదా, ఆకులు కప్పి మూసేస్తాం. అడవిది అడవికి పోతుంది." గొంతు తగ్గించాడు. "వయసు అక్కా. ఒప్పుకుంటే తప్పేముంది?"

"వయసు వల్ల పడ్డానని నీకెవడు చెప్పాడు?"

"మరెందుకు పడ్డావు?"

"తెలిసిన రోజు చెప్తాను. అప్పటిదాకా ఆ కుర్చీ నువ్వే వేసుకో. నాకు సైకిలు సీటు చాలు," అని లేచి వచ్చేసింది. వెనకాలే నేనూ, నా సంచీ.

షాపు వెనకే ఇల్లు. రాత్రి భోజనానికి ఉండిపొమ్మంది. కూతురు అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. ఆమె బస్సు డ్రైవరు, కొండరోడ్డు మీదే ఆమె రూటు. తాళాల గుత్తి గూట్లో విసిరి, తల్లి మొహం చూసి సంగతి గ్రహించింది.

"మళ్ళీ దిగుతానన్నావు కదూ?"

"అన్నాను."

"ఇంకోసారి పడితే నేను మోసుకురాను, ముందే చెప్తున్నా. నన్ను చూసి కాకపోయినా, ఆ చేతిని చూసైనా బుద్ధి తెచ్చుకో."

"చేతికేం, అతుక్కుంటోంది. నువ్వు వడ్డించు."

కూతురికి కోపం చల్లారడానికి బస్సు కబుర్లు ఒక మార్గమనుకుంటాను, తనే మొదలుపెట్టింది. "ఇవాళ ఎవడో కొత్తవాడు కారు తెచ్చి మా మిల్లు మలుపు దగ్గర గోతిలో దింపాడు. ఆ మలుపు పోయేటప్పుడు ఎంత సాధువో, వచ్చేటప్పుడు అంత రాక్షసి. గుట్ట అడ్డమొచ్చి చివరిదాకా కనపడదు. పోట్లాడి ఎదురొచ్చేది కనపడేలా అద్దం పెట్టించాం కాబట్టి బతికిపోతున్నాం."

మలుపులత్త ఎడమచెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"పోయేటప్పుడు సాధువు," అంది మెల్లగా. "వచ్చేటప్పుడు..."

"ఏంటమ్మా?"

"దాన్ని నేను వచ్చేటప్పుడు చూడనే లేదే!"

పొద్దున్నే ముగ్గురం బండిదారిన కొండెక్కాం. కొమ్మ పక్కనుంచి కొత్త బాటలోకి దిగి నడిచాం. ఆకులు ఇంకా తడిగా ఉన్నాయి. కాస్త దిగాక ఆమె ఆగి, కళ్ళు చికిలించి కిందికి చూసింది.

"రాయి కనపడుతోందా?"

"కనపడుతోంది," అన్నాను.

"మలుపో?"

మలుపు లేదు. బాట తిన్నగా పోయి రాతిలోకి దూరిపోయినట్టుంది. ఇంకో పది అడుగులు వేస్తేగాని వంపు జాడ తెలియలేదు. అప్పటికి సైకిలు మీదున్నవాడికి బ్రేకు పట్టే వ్యవధి ఉండదు. చలికాలమంతా ఆ మలుపును ఆవిడ కింద నుంచి చూసింది, కింద నుంచి ముచ్చటపడింది. కొత్త మట్టి మీద దిగకూడదన్న తమ నియమమే తనను ఇలా మోసం చేస్తుందని ఆవిడ మాత్రం ఎలా ఊహిస్తుంది?

మలుపులత్త విరగబడి నవ్వింది. చెట్ల మీద పిట్టలు లేచిపోయాయి. "చూశావుటే! తప్పు మలుపుది! నా మోకాళ్ళది కాదు!"

"ఆ మలుపు వేసింది నువ్వే కదమ్మా."

"అవును. తప్పు నాదే, నా వయసుది కాదు. రెండూ నీకు ఒకటేలా వినపడుతున్నాయా?"

కూతురు పది అడుగులు వెనక్కి ఎక్కి, తనూ ఇంకోసారి కిందికి చూసుకుంది.

సంచి బాగయినా, ఆ మలుపు సంగతి తేలేదాకా నేను ఊరు కదల్లేదు. తెలుసుకోవడం తేలిక, తవ్వడం కష్టం. రాయి దాటాక తిరిగే వంపును రాయి ముందే తిప్పాలి. అంటే లోయ కనిపించే ఆ చోటు పోతుంది. ఆవిడ ఒక పూటంతా అక్కడ కూర్చుని లోయను చూసింది. నేను పక్కనే ఉన్నాను. తర్వాత లేచి, ఎడమచేత్తో పార అందుకుని, తను ముచ్చటపడి వేసుకున్న మలుపు మీద తనే మొదటి పార మట్టి పోసింది. రాక రాక తమ్ముడు వచ్చాడు. "ఒంటిచేత్తో తవ్వుతుంటే జనం నన్నంటారు," అని సణుగుతూ పార లాక్కున్నాడు. "వచ్చిందే ఆలస్యం, మళ్ళీ వంకలెందుకురా. అక్కడ కాదు, ఇంకొంచెం పైకి తవ్వు," అంది అక్క. ఈసారి రోజూ పని అయ్యాక బాట మీదుగానే నడిచి దిగొచ్చింది, మట్టి చెదిరితే చెదిరిందని. చెదిరిన చోట మర్నాడు మళ్ళీ కొట్టింది.

కట్టు విప్పిన ఎముకల డాక్టరు, "ఎముక అతికింది. బుద్ధి సంగతి నా చేతుల్లో లేదు," అన్నాడట. అది ఆవిడే నవ్వుతూ చెప్పింది.

మబ్బులు కొండ మీద కూర్చుంటున్న రోజున ఆవిడ హెల్మెట్ పెట్టుకుంది. కూతురు బస్సు వేరేవాళ్ళకు అప్పగించి వచ్చింది. రానంటూనే వచ్చింది. మేమిద్దరం కొత్త మలుపు దగ్గర చెట్టు చాటున నిలబడ్డాం. బయల్దేరుతున్నానని పైన కేక వినిపించింది. తర్వాత టైర్ల కింద మట్టి నలిగే చప్పుడు. వచ్చింది. మలుపు ఆమెకు దూరం నుంచే కనిపించిందని ఒళ్ళు వంచిన తీరులోనే తెలిసిపోయింది. కానీ తడిమట్టి ఎవరి మాటా వినదు. వెనక చక్రం పక్కకు జారింది. ఎడమకాలు పెడల్ వదిలి గాల్లోకి లేచింది. కూతురు నా మోచెయ్యి పట్టుకుని నులిమేసింది. ఆ కాలు నేలకు జానెడు ఎత్తున ఊగింది, ఊగింది, తిరిగి పెడల్ మీదికి పోయింది. చెట్ల మధ్యకు ఆవిడ మాయమైపోయింది.

మేం అడ్డదారిన పడుతూ లేస్తూ కిందికి వచ్చేసరికి ఆవిడ సైకిలు మీదే, ఒక కాలు బండరాయికి ఆనించి రొప్పుతోంది. క్లబ్బంతా చుట్టూ మూగింది.

"మధ్యలో కాలు కింద పెట్టలేదు కదా?" అన్నాడు తమ్ముడు అనుమానంగా.

"పెట్టలేదు మావయ్యా," అంది కూతురు, నా మోచెయ్యి ఇంకా వదలకుండానే. "నేను చూశాను. కావాలంటే మళ్ళీ దిగమంటావా? దిగుతుంది."

మలుపులత్త తల ఎత్తి, "కొమ్మ తీయండ్రోయ్!" అని కొండకు వినపడేలా అరిచింది. పైనుంచి ఈలలు, వెంటనే ఒకదాని వెనక ఒకటి టైర్ల చప్పుడు.

మెత్తటి కుర్చీ అక్కడే, గడ్డిలో ఉంది. తమ్ముడు మోసుకొచ్చి పెట్టినట్టున్నాడు, ఏమైనా అవసరం పడుతుందేమోనని. ఆవిడ దాని వంక చూసి, నా వంక చూసింది.

"పెద్దాయనా, మీరు కూర్చోండి. దిగేసరికి మీ మొహం పాలిపోయింది."

ఆవిడ అన్నది నిజమే. అయినా సంచి భుజాన వేసుకుని, కొత్త పట్టీ గట్టిదనం ఒకసారి లాగి చూసుకుని, నిలబడే ఉన్నాను.