రెండోసారి గారు

రెండోసారి గారికి తాగుడు లేదు, పేకాట లేదు, కోపం లేదు. ఉన్నదల్లా ఒక్కటే అలవాటు. ఏ ప్రశ్ననైనా రెండుసార్లు అడుగుతారు.

మొదటి జవాబు వినిపించక కాదు. శ్రద్ధగా వింటారు. తలాడిస్తారు. "అలాగా!" అని కూడా అంటారు. ఆ తరువాత కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, గొంతు సవరించుకుని, అదే ప్రశ్న మళ్ళీ మెత్తగా వేస్తారు.

"టీ వేడిగా ఉందా?" అని అడుగుతారు శాసనసభ క్యాంటీన్‌లో.

"పొగలు కక్కుతోందండీ!"

"అలాగా! వేడిగా ఉందా?"

క్యాంటీన్ అతను కప్పును వేలితో తాకి చూసి, మారుమాట లేకుండా లోపలికి తీసుకెళ్ళి మళ్ళీ కాచి తెచ్చేవాడు. మంగలి అయితే, "మొదటిసారి అడిగినప్పుడు కత్తి పదునుగానే ఉందండీ, రెండోసారికి నా చేతి మీద నాకే అనుమానం వచ్చింది" అని వాపోయాడు. ఒకసారి రక్తపోటు చూపించుకోవడానికి వెళ్ళి, "బాగానే ఉందంటారా డాక్టరుగారూ?" అని రెండోసారి అడిగేసరికి, డాక్టరు ఆ పట్టీ విప్పి తన చేతికి చుట్టుకుని చూసుకున్నాడు.

ఆయన ప్రతిపక్ష ఎమ్మెల్యే. అసలు పేరు ఓటర్ల జాబితాలో ఉండే ఉంటుంది. సభలో మాత్రం అందరికీ రెండోసారి గారే. ఎదురుగా అనేవారు కారు గాని, ఆయనకు తెలియకుండా పోలేదు. తెలిసినా నవ్వి ఊరుకునేవారు.

ఈ అలవాటుతో ప్రాణం విసిగిపోయింది ఎవరికయ్యా అంటే, రవాణా శాఖలో ప్రశ్నల విభాగం చూసే ఆఫీసరమ్మకు.

సభలో నోటితో అడిగిన ప్రశ్న అయితే మంత్రులు గత ప్రభుత్వాన్ని నాలుగు తిట్టి, గ్లాసెడు నీళ్ళు తాగి కూర్చోవచ్చు. కాగితం మీద రాసి పంపిన ప్రశ్న దగ్గర ఆ పప్పులు ఉడకవు. స్పీకరు ఆఫీసు నుంచి అది నేరుగా శాఖకు వస్తుంది. గడువు దాటకుండా జవాబు రాయాలి. మంత్రి సంతకం చేయాలి. అది అచ్చవుతుంది. అచ్చయిన ప్రతి అక్షరానికీ మంత్రిదే పూచీ. ఆ అక్షరాలు పేర్చే పని మాత్రం ఆఫీసరమ్మది.

రెండోసారి గారు సభలో గొంతెత్తి అరిచిన పాపాన పోలేదు. బల్ల చరిచింది లేదు, బయటికి నడిచింది లేదు. ఆయన యుద్ధమంతా కాగితం మీదే. అడిగిన ప్రశ్నే మళ్ళీ అడగకూడదని సభలో నిబంధన ఉంది. అదేం ఆయనకు అడ్డు కాలేదు. దర్జీ పాత కోటును తిరగేసి కుట్టినట్టు, ప్రశ్నను తిరగేసి కుట్టి పంపేవారు.

"బస్సు స్టాపులకు పైకప్పులు ఉన్నవా?" అని ఒకటి వచ్చింది.

"ఉన్నవి" అని ఆఫీసరమ్మ రాసి పంపింది.

తరువాతి వారం ఇంకొకటి. "ఉన్న కప్పులు వానను ఆపునా?"

ఆఫీసరమ్మ తల పట్టుకుంది. ఊరంతా ఫోన్లు చేయిస్తే తేలిందేమిటంటే, కప్పులు ఉన్నమాట నిజం, రేకులు లేనిమాటా నిజం. ఇనుప చట్రాలు మాత్రం నిలబడి ఉన్నాయి. చేసేది లేక రేకులు వేయించి, "ఆపును" అని రాసింది.

ఇంటికి వెళ్ళి భర్తతో చెప్పుకునేది. "ఆయనకు మతిమరుపండీ. లేకపోతే నా మీద కక్ష!"

"నిజంగా కక్షేనంటావా?" అన్నాడు భర్త.

"అవును."

"కక్షేనా?"

ఆఫీసరమ్మ గరిటె ఎత్తింది. ఆ ఇంట్లో ఆ హాస్యం మళ్ళీ ఎవరూ ఆడలేదు.

ఇలా ఉండగా ఒకనాటి ఉదయం ఒక బస్సు వాలు దారిలో దిగుతూ ఆగకుండా పోయి, మార్కెట్ గోడను గుద్దుకుంది. దేవుడి దయవల్ల ప్రాణాలు పోలేదు. దెబ్బలు తగిలాయి, ఒక గోడా, బండెడు గుమ్మడికాయలూ పోయాయి. నిజానికి డ్రైవరు స్టీరింగు గోడవైపు తిప్పబట్టి జనం బతికారు. శాఖ మాత్రం సాయంత్రానికల్లా డ్రైవరుదే అజాగ్రత్త అని తేల్చి, ఉద్యోగం నుంచి పక్కన పెట్టేసింది.

రెండోసారి గారి ప్రశ్న రానే వచ్చింది. "ప్రమాదము జరిగిన నాడు సదరు డిపోలో బ్రేకు లైనింగులు నిల్వ ఉన్నవా? లేనిచో, కారణములేమి?"

ఆఫీసరమ్మ డిపోకు ఫోన్ చేసింది. అవతల మేనేజరు నీళ్ళు నమిలాడు. చివరికి గొంతు తగ్గించి, "లేవమ్మా. ఎన్నిసార్లు అడిగినా పైనుంచి పంపలేదు. చక్రాన్ని పట్టి ఆపే పట్టీలు అరిగిపోయినా, వాటితోనే బస్సులు తిప్పుతున్నాం" అన్నాడు.

ఆమె అదే రాసి డైరెక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. డైరెక్టర్ చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇలా రాస్తే సామాను ఎందుకు కొనలేదని మన మీద పడతారమ్మా. 'నిల్వ ఉన్నవి' అని రాయండి. రెండో ముక్కకు 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అని రాయండి. హాయిగా ఉంటుంది."

"లేవంటున్నారు సార్ డిపోలో."

"డిపోలో లేవు. దేశంలో ఎక్కడో ఉంటాయిగా?"

"మరి డ్రైవరు సంగతి?"

"డ్రైవరు సంగతి ప్రశ్నలో ఉందా? లేదుగా. అడగనిదానికి జవాబెందుకు?"

ఆఫీసరమ్మకు ఇద్దరు పిల్లలు, ఇంకా ఎక్కాల్సిన మెట్లు చాలా ఉన్న ఉద్యోగం. చివరికి చెప్పినట్టే రాసింది. మంత్రి చదవకుండానే సంతకం పెట్టాడు. జవాబు అచ్చయింది.

ఆరోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు. బస్సెక్కితే డ్రైవరు వైపు చూడలేకపోయేది. డిపో ఫోన్ మోగితే ఎత్తమని పక్కవాళ్ళకు చెప్పేది. నిజం తెలిసి అబద్ధం రాసిన చేయి తనదని, ఆ చేత్తోనే తను పిల్లలకు అక్షరాలు దిద్దిస్తోందని లోలోపల కుమిలిపోయింది.

అప్పుడు వచ్చింది రెండోసారి గారి రెండో ప్రశ్న.

"వచ్చిందండోయ్ రెండోసారి!" అని అటెండరు కాగితం ఊపుకుంటూ తెచ్చాడు. గదిలో అందరూ అలవాటుగా నవ్వారు. ఆఫీసరమ్మ చదివింది.

"బ్రేకు లైనింగులపై ఇచ్చిన జవాబు తరువాత మంత్రిగారికి కొత్త సమాచారమేమైనా అందినదా? అందినచో, ఆ జవాబును సవరించు ఉద్దేశము కలదా?"

ఆమెకు నవ్వు రాలేదు. కాగితం తీసుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా, సభ్యుల గదుల వైపు నడిచింది.

రెండోసారి గారు తన గదిలో పాత ఫ్యాను కింద కూర్చుని నారింజ వలుచుకుంటున్నారు. ఆమెను చూసి కుర్చీ చూపించారు. సగం నారింజ ఆమె ముందు పెట్టారు.

"ఏమ్మా, డిపోలో లైనింగులు ఉన్నాయా?"

"జవాబు అచ్చయింది కదండీ. అంతకు మించి నేను చెప్పకూడదు."

"అలాగా!" అన్నారాయన. కిటికీలోంచి బయటికి చూశారు. ఒక తొన నోట్లో వేసుకుని నిదానంగా నమిలారు. ఆ తరువాత, అంతే మెత్తగా అడిగారు.

"ఉన్నాయా అమ్మా?"

ఆఫీసరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లేవండీ."

ఆయన తలాడించారు. ఆశ్చర్యపోలేదు.

"మీకు ముందే తెలుసా?" అంది ఆమె.

"డిపోకు వెళ్ళి స్టోర్ కీపర్ని అడిగాను."

"ఏమన్నాడు?"

"మొదటిసారా, రెండోసారా?"

ఏడుస్తున్నదల్లా ఆమె ఫక్కున నవ్వింది.

"మొదటిసారి, నిండుగా ఉన్నాయండీ అన్నాడు" అన్నారు రెండోసారి గారు. "రెండోసారికి తాళం తీసి ఖాళీ అరలు చూపించాడు. చెడ్డవాడు కాడు పాపం. మొదటిసారి అడిగితే భయం జవాబు చెబుతుందమ్మా, మనిషి కాదు. మనిషి బయటికి రావడానికి కాస్త వ్యవధి పడుతుంది."

"అయితే సభలో నిలబడి అబద్ధమని అనెయ్యొచ్చుగా? మంత్రి మీద సభాహక్కుల తీర్మానం పెట్టొచ్చు. పేపర్ల నిండా మీ ఫోటోలు పడేవి!"

"పడేవి. నింద ఎవరి మీద పడేది?"

మంత్రి డైరెక్టర్ని చూపిస్తాడు. డైరెక్టర్ జవాబు రాసిన చేతిని చూపిస్తాడు. ఆ చేయి ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

"నాకు కావలసింది డ్రైవరుకు అతని ఉద్యోగం, బస్సులకు బ్రేకులు" అన్నారాయన. "మధ్యలో ఇంకొకళ్ళ ఉద్యోగం తీసి నేనేం చేసుకోను? నారింజ తినమ్మా, పుల్లగా లేదు."

ఆఫీసరమ్మ తింది. అది పుల్లగానే ఉంది. అయినా ఎన్నో రోజుల తరువాత నోటికి రుచి తెలిసింది.

అక్కడినుంచి ఆమె డైరెక్టర్ గది దాటుకుని తిన్నగా మంత్రి గదిలోకి వెళ్ళింది.

"సార్, మనం ఇచ్చిన జవాబు తప్పు. డిపోలో లైనింగులు లేవు. తెలిసే రాశాను."

మంత్రి కాగితాల్లోంచి తలెత్తాడు. "తెలిసి ఎందుకు రాశావమ్మా?"

"రాయమన్నారు సార్. వద్దని గట్టిగా అనలేకపోయాను. ఇప్పుడు అంటున్నాను."

డైరెక్టర్‌కు కబురు వెళ్ళింది. ఆయన వచ్చి కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఎంతకీ తుడవడం పూర్తి కాలేదు.

"తప్పని నేనే చెబితే సభలో నవ్వరా?" అన్నాడు మంత్రి.

"మనం చెబితే అది సవరణ సార్. ఇంకొకరు చెబితే అబద్ధం."

మంత్రి ఆ మాటను నోట్లో వేసుకుని చప్పరించి రుచి చూశాడు. ఆయన రాజకీయాల్లో తల పండినవాడు. ఎటు దిగితే కాళ్ళకు తడి తక్కువో ఆయనకొకరు చెప్పక్కర్లేదు. "సరే, రాసుకురా. ఈసారి చదివే సంతకం పెడతాను" అన్నాడు.

సభలో మంత్రి లేచి, తమ పాత జవాబు సరైనది కాదని, లైనింగులు పంపడంలో శాఖదే ఆలస్యమని, డ్రైవరును తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నామని, అన్ని డిపోలకూ సామాను బయలుదేరిందని చదివాడు. ప్రతిపక్షం బెంచీల్లో కొందరికి ఉత్సాహం పొంగుకొచ్చింది. "లేవండి, వాయించండి, ఇంతకంటే సమయం దొరకదు!" అని పక్కనున్నవాళ్ళు రెండోసారి గారిని మోచేతులతో పొడిచారు.

ఆయన లేచారు. సభ చెవులు రిక్కించింది.

"మంత్రిగారికి ధన్యవాదాలు. అన్ని డిపోలకూ బయలుదేరిందా?"

"బయలుదేరింది" అన్నాడు మంత్రి.

"అలాగా!" అని రెండోసారి గారు కిటికీ వైపు చూశారు.

సభ మొత్తం ఒక్క గొంతుతో, స్పీకరుతో సహా, "బయలుదేరిందా?" అని అరిచింది. మంత్రి నవ్వాపుకోలేక బల్ల పట్టుకుని, "కొండమీది డిపోకు తప్ప! అక్కడికి రేపు వెళుతుంది!" అని ఒప్పేసుకున్నాడు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం ఆఫీసరమ్మ ఆఫీసుకు వెళ్ళే బస్సులో రెండోసారి గారు సతీసమేతంగా ఎక్కారు. ఆయన నేరుగా ముందుకు వెళ్ళి, "ఏం బాబూ, బ్రేకులు బాగా పడుతున్నాయా?" అంటూ డ్రైవరుతో కబుర్లలో పడ్డారు. డ్రైవరు, ఆ గోడను గుద్దిన డ్రైవరే, రెండో ప్రశ్న కోసం ఆగలేదు. తరువాతి స్టాపులో బస్సును వెన్నలో కత్తి దిగినట్టు మెత్తగా ఆపి చూపించాడు.

ఆయన భార్య ఆఫీసరమ్మ పక్కన కూర్చుంది.

"మీవారితో ఇంట్లో ఎలా వేగుతున్నారండీ?" అని నవ్వుతూ అడిగింది ఆఫీసరమ్మ.

"వేగడమేమిటి తల్లీ, ఆ అలవాటు లేకపోతే నాకు పెళ్ళే లేదు. నన్ను చేసుకుంటావా అని ఈయన మొదటిసారి అడిగింది మా నాన్న, మేనత్తలు, బాబాయిలు అందరూ వరసగా కూర్చున్న గదిలో. అంతమంది నా నోరే చూస్తుంటే కంగారులో 'వద్దు' అనేశాను. అలాగా అని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా, నేను ఒక్కదాన్నే మెట్ల మీద కూర్చుని ఉంటే వచ్చి, మళ్ళీ అదే మాట అడిగాడు."

"అప్పుడేమన్నారు?"

ఆవిడ ముందు సీట్ల దగ్గర నిలబడ్డ భర్త వైపు చూసి, కొంగు సర్దుకుంది.

"ఏమంటాను! 'ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావయ్యా' అన్నాను."