మంద తాగిందాకా

మా నాయన మొండి ఘటం. ఆయన ఉన్నప్పుడు మొహం మీదే అనేదాన్ని, ఇప్పుడూ అంటాను. జీవాలు నీళ్లు తాగిందాకా తను గుక్కెడు నీళ్లు ముట్టేవాడు కాదు. హనుమంతునిపాడు వైపు మా మెట్టల్లో గొర్రెలు కాసే పాతకాలపు మనుషులది అదే పద్ధతి. పొద్దున్నే దొడ్డి తీసి మందను తోలుకుపోతే, కుంట చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. గొర్రెలన్నీ తాగి తలలెత్తాకే ఆయన సీసా మూత తీసేవాడు.

ఒక ఎండాకాలం ఆయనకు నడుము పక్కన మొదలైన నొప్పి గజ్జల్లోకి దిగింది. కబురు తెలిసి మార్కాపురంలోని మా అత్తగారింటి నుంచి పరుగెత్తుకుపోయాను. ఎండకీ వానకీ చలించని మనిషి మంచం మీద మెలికలు తిరిగిపోతున్నాడు. వాకిట్లో చేరినవాళ్లందరిదీ ఒకటే మాట.

"బోరు నీళ్లమ్మా. ఆ ఉప్పు నీళ్లే లోపల రాయి కట్టినాయి."

నేనూ నమ్మాను. నీళ్లు కాచే మా అండా అడుగున పేరుకున్న తెల్లటి పెచ్చు చూస్తే ఎవరైనా నమ్ముతారు. వెంటనే క్యాను నీళ్లు తెప్పించాం. నాయన వాటిని మందు తాగినట్టు అన్నం తిన్నాక ఒక్క గ్లాసు తాగి, మూత బిగించి పెట్టేవాడు. పాలలో సున్నం ఉంటుందని ఎవరో చెబితే అమ్మ పాలూ మజ్జిగా కూడా మాన్పించింది. నొప్పి తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది.

చివరికి మార్కాపురం తీసుకొచ్చాం. స్కానింగ్‌లో రెండు వైపులా రాళ్లు కనబడ్డాయి. ఒకటి దారికి అడ్డం పడి, ఒక కిడ్నీ వాచిపోయింది. ఆ రాయి తీసేశాక డాక్టరమ్మ నాయన మంచం పక్కన కూర్చుంది.

"పెద్దాయనా, నీళ్లు ఎప్పుడెప్పుడు తాగుతావు?"

"జీవాలు తాగినంక తాగుతా మేడం."

"అంతకుముందు?"

"అంతకుముందు ఎట్ల తాగేది?" అన్నాడు నాయన, ఆమెకేదో తెలియనట్టు. నేను తల కొట్టుకున్నాను.

ఆమె విసుక్కోకుండా చెప్పింది. నీళ్లలో ఉప్పు సంగతి తర్వాత, అసలు నీళ్లు తాగకపోవడమే పెద్ద చేటట. ఎండలో నీరంతా చెమటగా పోతే మూత్రం చిక్కబడి, అందులోని లవణాలు గడ్డకట్టి రాయవుతాయట. అందుకని రోజంతా కొంచెం కొంచెంగా తాగుతూనే ఉండాలి, మూత్రం తేటగా రావాలి. ఊరగాయలు, ఉప్పు తగ్గించాలి. నిమ్మకాయ పిండుకోవచ్చు. మజ్జిగ మాత్రం మానకూడదని అమ్మకు గట్టిగా చెప్పింది. "మళ్లీ ఇలాగే ఒంటిని ఎండగట్టావంటే ఈ కిడ్నీ దక్కదు" అని నాయనకు ఇంకా గట్టిగా చెప్పింది.

వింటేగా! ఇంటికి రాగానే మళ్లీ మొదటికే వచ్చాడు.

"నోరులేని జీవాలు నాలుకలు బయటపెట్టి నడుస్తాంటే, వాటి ముందర నిలబడి నేను గటగటా తాగాల్నా? నా చేత కాదు."

"అయితే ఆ కిడ్నీ తీసి కుంటలో పడెయ్ నాయనా, పీడా పోతుంది!" అన్నాను. ఒళ్లు మండిపోయింది నాకు. భయం కూడా వేసింది.

ఆయన మళ్లీ మంద తోలిన రోజు నేనూ వెంటపడ్డాను. ఒక చేతిలో చిన్న క్యాను, ఇంకో చేతిలో సత్తు గిన్నె. కొంతదూరం పోయాక గిన్నెలో నీళ్లు పోసి, వెనకబడిన ముసలి గొర్రె ముందు పెట్టాను. అది చప్పున మూతి ముంచింది.

"మంద తాగింది. ఇంక నువ్వు తాగు."

"ఒక గొర్రె తాగితే మంద తాగినట్టా?"

"ఏం, ఇది మన మందలోది కాదా?"

నాయన గొర్రెను చూశాడు, నన్ను చూశాడు. పకపకా నవ్వాడు. "నిన్ను అత్తగారింటికి గాదు, కోర్టుకు పంపాల్సింది పాపా" అంటూ వంగి దోసిలి పట్టాడు. నేను పోస్తుంటే, మోచేతుల వెంట నీళ్లు కారిపోతున్నా ఆపకుండా తాగాడు. ఆ దోసిలి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఆ వేసవి నేను పుట్టింట్లోనే ఉండిపోయాను. క్యాను చప్పుడైతే చాలు, ముసలి గొర్రె వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడేది. నేను తిరిగి వచ్చేశాక కూడా నాయన గిన్నె వదల్లేదు. రోజూ ఫోను చేసి "తాగినావా నాయనా?" అంటే, "తాగింది. నేనూ తాగినా" అనేవాడు. ముందు గొర్రె లెక్క, తర్వాతే తనది.

కిడ్నీ దక్కింది. గుండే మోసం చేసింది, నిద్రలోనే పోయాడు. జీవాలను అమ్మేశాం. సత్తు గిన్నె మాత్రం నేను తెచ్చుకున్నాను.

మొన్న నాకూ అదే నొప్పి వచ్చింది. చిన్న రాయే, నీళ్లు బాగా తాగితే పడిపోతుందన్నారు. నేనేమో కుట్టుమిషను మీద కూర్చుంటే లోకం మర్చిపోతాను. నీళ్ల సీసా పక్కనే ఉంటుంది, సాయంత్రానికి నిండుగానే ఉంటుంది. తాగినావా అని అడిగే మనిషి లేడు.

అందుకే ఆ గిన్నె నింపి గడప బయట పెడుతున్నాను. వీధిలో తిరిగే మేక ఒకటి ఆ నీళ్లకు మరిగింది. అది వచ్చి తాగుతుంటే మిషను ఆపి నేనూ తాగుతాను. తాగి, ఫోను అందుకుంటాను.

తాగింది నాయనా. నేనూ తాగినా.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఈ మాట నీకు చెప్పాలని ఎంతగా ఉందో!