కడిగి ఇచ్చిన డబ్బాలు

మా చుట్టాలకు నా ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ అర్థం కాదు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే మా అక్క "దుమ్ము తూకం వేస్తది" అని చెప్పి నవ్వేస్తుంది. ఒకప్పుడు నాకూ నవ్వే వచ్చేది. గుర్తింపు కార్డు మీద పర్యావరణ ఆరోగ్య శాస్త్రవేత్త అని పెద్ద పెద్ద మాటలున్నాయి గానీ, ఇన్నేళ్లూ నేను చేసిన పని మా అక్క చెప్పిందే. గాలిలో ఏముందో కొలవడం, ఆ గాలి పీల్చిన మనుషులకు ఏమైందో రాయడం, రాసినదాన్ని పైవాళ్లు ఏం చేస్తారో చూస్తూ కూర్చోవడం. ఈ మూడో పని గురించి చదువుకునే రోజుల్లో ఎవరూ చెప్పలేదు.

మాది ఖమ్మంలో కళాయి పని చేసే ఇల్లు. ఇత్తడి గిన్నెలను కొలిమి మీద కాల్చి, నవసాగరం చల్లి, తగరం పూసి తళతళలాడించి ఇచ్చేవాడు మా నాన్న, మా అబ్బా. నవసాగరం పడగానే గుప్పున లేచే తెల్లటి పొగ ముందు ముఖం పెట్టుకుని కూర్చునేవాడు. ఇంటికొచ్చాక దగ్గుతూనే అన్నం తినేవాడు. స్టీలు గిన్నెలొచ్చి పని పోయింది గానీ దగ్గు పోలేదు. నేను ఈ చదువులోకి రావడానికి ఆ దగ్గే కారణం. ఇంటర్వ్యూలో మాత్రం పరిశోధన మీద ఆసక్తి అని చెప్పాను. దగ్గు విని వచ్చానంటే ఉద్యోగం ఎవరిస్తారు?

ఏన్కూరు దాటాక, అడవి మొదలయ్యే చోట ఒక గూడెం ఉంది. దాని పేరు రాయను, రాస్తే ఇబ్బంది అక్కడి వాళ్లకే. గూడెం వెనక గుట్ట, ఆ గుట్టను పగలగొట్టి కంకర చేసే క్రషర్. దాని యజమాని ఇంకో మిషను పెట్టుకుంటానని దరఖాస్తు చేశాడు. అనుమతి ఇచ్చే ముందు దగ్గర్లో మనుషులుండే చోట దుమ్ము ఎంత పడుతోందో కొలవాలి. హద్దు దాటితే కొత్త మిషను రాదు, పాతదాన్ని కూడా గూడేనికి దూరంగా జరపాలి. ఆ కొలత పని హైదరాబాదులోని మా ఆఫీసుకు వచ్చింది. మా జిల్లా కదా, నేనే వెళ్తానని అడిగి మరీ తీసుకున్నాను.

గూడెంలో మేము మొదట ఆగిన ఇంట్లో ఒక ఆవిడ ఉండేది. నాకంటే కాస్త పెద్దది. ఆమె భర్త చాలా ఏళ్లు ఆ క్రషర్ నోట్లోకి రాళ్లు అందించే పని చేశాడు. నేను చూసేనాటికి మంచం మీద కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించుకుని, ఒక్కొక్క ఊపిరినీ లాక్కుంటున్నాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే మనిషి అలాగే కూర్చుంటాడు, పడుకోలేడు. దవాఖానాలో మాత్రం టీబీ మందులు ఇచ్చారు. అవి అయిపోయాక మళ్లీ అవే ఇచ్చారు.

"తెమడ పరీక్షల ఏం లేదన్నరు మేడం. మందులు మాత్రం మింగమన్నరు," అంది ఆమె. తర్వాత నన్ను వాకిట్లోకి తీసుకెళ్లి గొంతు తగ్గించింది. "ఆయన సంగతి నాకెర్కే. నా బిడ్డ గూడ పొద్దుగాల లేస్తే దగ్గుతుంది. గీ మిషిను ఈడికెళ్లి పోతదా?"

"కొలత ఎక్కువ వస్తే పోవాల్సిందే అక్కా," అన్నాను. నిబంధనల్లో ఉన్న మాటే చెప్పాను.

దుమ్ము పట్టడానికి మేము వాడేది చాలా మామూలు వస్తువు. వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో కొంచెం శుద్ధి చేసిన నీరు. దాన్ని ఇంటికప్పు కంటే ఎత్తుగా కర్రల మీద కట్టి నెల రోజులు వదిలేస్తాం. గాలిలోంచి రాలిన దుమ్ము నీళ్లలో పడి నిలుస్తుంది. నెల తర్వాత దించి, వడగట్టి, ఆరబెట్టి తూకం వేస్తాం. గూడెంలో కొన్ని ఇళ్ల మీద పెట్టాం, ఒకటి బడి కప్పు మీద పెట్టాం. అది వేసవి, బడికి సెలవులు. హైదరాబాదులో తయారైన సూచనల కాగితాన్ని మా అసిస్టెంటు అందరినీ కూర్చోబెట్టి చదివాడు. ముట్టుకోరాదు, కదపరాదు, మూత పెట్టరాదు. గూడెం పెద్దమనిషి అదంతా వాళ్ల భాషలో మళ్లీ చెప్పాడు. అందరూ తలలూపారు.

వాళ్లు మాట తప్పారని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. కోతులు డబ్బాల మీదికి రాకుండా ఇంటికొకరు వంతులేసుకుని కాపలా కాశారు. గూడెంలో ఒక పెళ్లయితే పందిరి గుంజలు ఆ కర్రలకు తగులుతాయని పందిరినే అవతలికి జరిపారు. మా ఆఫీసు ప్రహరీ లోపల పెట్టిన డబ్బాలకు కూడా అంత మర్యాద జరగలేదు.

నెల తిరిగాక జీపు దిగేసరికి ఆమె వాకిట్లో చాప పరిచి ఉంది. చాప మీద డబ్బాలన్నీ వరసగా ఉన్నాయి. అద్దాల్లా మెరిసిపోతున్నాయి. అన్నిట్లోనూ తేటగా నీళ్లు, పైన మోదుగాకులు కప్పారు. ఒకదాంట్లో ఎండిన ఇప్పపూలు నాలుగు తేలుతున్నాయి. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఇదేందక్కా?" నాకు తెలియకుండానే ఇంటి యాస వచ్చేసింది.

"మీ డబ్బాలే మేడం. నెల దినాలు ఎవ్వల్ని ముట్టనియ్యలే. మీరొస్తరని పొద్దుగాల్నే దింపి కడిగినం."

"ఎందుకు కడిగారు?"

"గదేం మాట మేడం! అడుగున గింత మందం బురదుండె. ఒకరి గిన్నె మనింట్ల ఉంటే మురికితోటి అట్లనే ఇస్తరా ఎవరన్న? ఉత్తగ గూడ ఇయ్యద్దు గదా. మీరిచ్చినప్పుడు నీళ్లుండె, నీళ్లు నింపినం."

మా అసిస్టెంటు అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. నాకు ఆమె మాటలో తప్పు కనబడలేదు. మా ఇంట్లోనూ అంతే. పక్కింటి గిన్నె వస్తే అమ్మీ దాన్ని తోమకుండా పంపేది కాదు, ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరయినా వేసి పంపేది. డబ్బా ఇంటి మీద ఉన్నంతకాలం వాళ్లు దాన్ని ముట్టలేదు. మనిషి చేతికి తిరిగి ఇచ్చే రోజు వచ్చేసరికి అది పరికరం కాదు, గిన్నె అయింది. ఆ సూచనలు రాసినవాళ్లు పక్కింటి గిన్నె ఎరగని ఫ్లాట్లలో ఉంటారు. వాళ్లకు ఈ సంగతి తట్టే అవకాశమే లేదు.

బడి మీది డబ్బా మాత్రం మిగిలింది. బడి ఎవరి ఇల్లూ కాదు కనక దాన్ని ఎవరూ కడగలేదు. దించి చూస్తే అడుగున బూడిదరంగు బురద పట్టి ఉంది. వేలితో తడిమితే గరగరలాడింది.

రిపోర్టులో అంతా వివరంగా రాశాను. ఇళ్ల మీది డబ్బాలు దించాక కడిగినవి, అందులో ఉన్నది బోరు నీళ్లు, వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. బడి డబ్బా ఒక్కటే సరైనది. మళ్లీ నెల రోజులు కొలవాలి. మా పెద్ద సారు అది చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నాకు పని నేర్పింది ఆయనే. కొలత మీద అనుమానం వస్తే కొలతను పారెయ్యి, అనుమానాన్ని పారెయ్యకు అని మొదటి రోజుల్లో చెప్పింది కూడా ఆయనే.

"మళ్లీ కొలవడానికి గడువు లేదమ్మా," అన్నాడు. "ల్యాబులో అన్నీ చేయించేశాను. ఇళ్ల మీదివన్నీ హద్దులోపలే ఉన్నాయి. బడిది ఒక్కటే ఎక్కువ చూపిస్తోంది. అన్నీ ఒక మాట చెప్తుంటే ఒక్కటి ఇంకో మాట చెప్తోంది. పొరపాటు ఎందులో ఉన్నట్టు?"

"సార్, అవి కడిగిన డబ్బాలు."

"కడిగారని నువ్వు చూశావా?"

చూడలేదు. వాళ్లే చెప్పారు. చెప్పినమాట కొలత కాదు కదా. బడి డబ్బాను లోపం ఉన్న నమూనాగా తీసేశారు. నేను రాసిన పేరా చివరి పేజీల్లోకి వెళ్లింది, అక్కడినుంచి ఎటో పోయింది. ఇప్పపూల గురించి మాత్రం ఆఫీసులో చాలా రోజులు జోకులు నడిచాయి. పై అధికారులకు ఉత్తరం రాస్తే అందినట్టు జవాబు వచ్చింది. అందడం వరకే వాళ్ల పని కాబోలు.

తర్వాత మండల కేంద్రంలో ప్రజల అభిప్రాయం వినే సభ పెట్టారు. షామియానా, ఎర్ర కుర్చీలు, నీళ్ల సీసాలు. క్రషర్ వాళ్ల మనుషులు ముందు వరసల్లో, గూడెం వాళ్లు వెనక నేల మీద. నేను సెలవు పెట్టుకుని వెళ్లాను. గూడెంలో గాలి శుభ్రంగా ఉందని శాస్త్రీయంగా తేలింది అని అధికారి మైకులో చదివాడు. ఆ ఇంటావిడ లేచి నిలబడింది.

"సారూ, గా డబ్బాలు మేం కడిగినం. కడగక ముందుగాల జూస్తే తెలుస్తుండె దుమ్మెంతున్నదో."

ముందు వరసల్లో నవ్వులు లేచాయి. అధికారి పక్కనున్న గుమస్తా వైపు తిరిగాడు. పరికరాలను తామే పాడుచేసినట్టు గ్రామస్థులు ఒప్పుకున్నారు అని రాయించాడు. రాయించి, పైకి చదివి వినిపించాడు కూడా. నేను లేచాను.

"మేడం, మీరు ఆఫీసు తరఫున మాట్లాడుతున్నారా, సొంతంగానా?" అన్నాడు అధికారి.

"సొంతంగా."

"అయితే కూర్చోండి."

నేను కూర్చోలేదు. డబ్బాల సంగతి మొత్తం చెప్పాను. మైకు కట్టేశారు, అయినా చెప్పాను. సభ మినిట్స్‌లో నా మాట ఒక్కటీ లేదు. మళ్లీ కొలవాలన్న మాటకు ఒక వాక్యంలో జవాబు రాశారు, గ్రామస్థుల సహకారం లేనందున సాధ్యం కాదని. సభ అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"నేను నిజమే జెప్పిన గదా మేడం. గట్ల రాసుకున్నరేంది?"

నాకు కోపం తన్నుకొచ్చింది. ఆ కోపం ఇప్పటికీ ఉంది. దాన్ని ఆమె ముందు ఏడుపుగా మార్చకుండా ఆపుకోవడానికే నా శక్తంతా సరిపోయింది.

రెండో మిషను వచ్చింది. నన్ను ఫీల్డు పనినుంచి తప్పించి శిక్షణ విభాగంలో వేశారు. ప్రమోషన్ అన్నారు. కొత్తగా చేరినవాళ్లకు డబ్బాలు ఎలా పెట్టాలో, ఎలా దించాలో నేనే నేర్పుతాను. సూచనల కాగితంలో ఇప్పుడు ఒక కొత్త వాక్యం ఉంది. దించిన తర్వాత డబ్బాలను కడగరాదు. అది నేను పట్టుబట్టి చేర్పించింది. ఒక శాస్త్రవేత్తగా ఈ దేశానికి నా సేవ ఏమిటని ఎవరైనా అడిగితే ఆ వాక్యం చూపిస్తాను.

పోయిన వానాకాలంలో ఆమె భర్త చనిపోయాడని అసిస్టెంటు ఫోను చేశాడు. నేను వెళ్లేసరికి దినాలన్నీ అయిపోయి నెలలు గడిచాయి. దవాఖానా కాగితంలో టీబీ అనే రాశారు. ఆమె నన్ను లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. గుట్ట వైపునుంచి రెండు మిషన్ల మోత వస్తూనే ఉంది. కూతురు పొయ్యి దగ్గర దగ్గుతోంది.

ఆమె దూలం పక్కనున్న చెక్క మీద చెయ్యి పెట్టి జాగ్రత్తగా ఒక కంచం దింపింది. ఊపిరి తగలకుండా ముఖం పక్కకు తిప్పుకుని, రెండు చేతులతో పట్టుకుని తెచ్చి నా ముందు పెట్టింది. స్టీలు కంచం. స్టీలు ఎక్కడా కనబడటం లేదు, అంచు దాకా బూడిదరంగు పొర.

"ఆయన కంచం చెల్లె. ఆయన పోయిన దినం సంది ఆడనే పెట్టిన. ఎవ్వల్ని ముట్టనియ్యలే. కడగలే." ఆమె ముఖంలో ఆశ ఉంది. "గిది తీస్కపో. గిప్పుడన్న రాస్తరు గదా?"

అబద్ధం చెప్పి తీసుకెళ్లిపోవాలనిపించింది. కానీ ఇప్పటికే ఆమెకు చాలామంది చాలా చెప్పారు.

"ఇది లెక్కలోకి రాదక్కా."

"ఏం? దుమ్ము గాదా ఇది?"

"దుమ్మే."

"మరి?"

ఆఫీసు పెట్టిన డబ్బాలో పడితేనే దాన్ని దుమ్ము అంటారని చెప్పాను. ఇంట్లో పెట్టిన కంచానికి నంబరు లేదు, సీలు లేదు, పెట్టిన రోజున సంతకం చేసినవాళ్లు లేరు. నేను ఇప్పుడు ఆ విభాగంలో కూడా లేను. ఆమె అంతా విన్నది. విని, కంచం తీసుకుని వాకిట్లోకి వెళ్లింది. నీళ్ల బిందె పక్కన కూర్చుని, ఇంత బూడిద వేసి, నేను చూస్తుండగానే ఆ కంచం తోమడం మొదలుపెట్టింది.