బోసి గడప

చేతికి తాళంచెవి వస్తే చాలు, ఆ ఇల్లు తన తాతే కట్టించినట్టు తిరిగే వయసు ఒకటుంటుంది. ఉద్యోగం కొత్తలో నాకదే వయసు. గురజాల దగ్గర ఒక పాత టేకు మండువా ఇంటిని బాగుచేసి మ్యూజియంగా మార్చారు. అందులో నాది కాంట్రాక్టు పని. వచ్చినవాళ్ళని స్తంభం మీద చెయ్యి కూడా వేయనిచ్చేవాణ్ణి కాదు (వాళ్ళలో చాలామంది అలాంటి స్తంభాల మధ్యే పుట్టి పెరిగినవాళ్ళు). కాంట్రాక్టు ఆ నెలతో అయిపోతోంది. పొడిగించాలో వద్దో తేల్చడానికి ఆఫీసరుగారు వస్తున్న శుక్రవారం నాడే కారంపూడి నుంచి మా మేనత్త బస్సు దిగింది. తల్లి లేని నన్ను పెంచింది ఆవిడే. నా ఉద్యోగం ఎట్లాంటిదో కళ్ళారా చూడాలట.

నేను లోపల తిరగలి దుమ్ము దులిపి వచ్చేసరికి సింహద్వారం గడప పచ్చగా మెరుస్తోంది. సంచిలోంచి పసుపు తీసి తడిపి, గడప నిండా రాసి, కుంకుమ బొట్లు కూడా పెట్టేసింది అత్త. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"బోసి గడప దాటి రోజూ పనికి పోతన్నావా ఏంది? పెళ్ళి కావాల్సినోడివి" అంది, చేతులు కడుక్కుంటూ.

అంతలో జీపు రానే వచ్చింది. ఆఫీసరుగారు గడప చూసి మండిపడి, తక్షణం తుడిపించమన్నారు. తడిగుడ్డ తెచ్చి వంగాను. శుక్రవారం పూట గడప పసుపు తుడుస్తావా అని అత్త మెల్లగా అడిగేసరికి నా చెయ్యి కదల్లేదు. గుడ్డ ఊడ్చే ఆవిడకిచ్చాను. పిల్లలు గలదాన్ని బాబూ అని ఆవిడ దాన్ని వాచ్‌మన్ భాయ్ చేతిలో పెట్టింది. భాయ్ "నాకూ ఇయ్యాల శుక్రవారమే సార్" అంటూ, ఎంతో మర్యాదగా ఆఫీసరుగారికే అందించాడు. ఆయన ఆ గుడ్డ పట్టుకుని కాసేపు గడప వంక, కాసేపు అత్త వంక చూశారు (బూట్లు అప్పటికే విప్పేసి ఉన్నారు, ఎప్పుడు విప్పారో ఎవరం చూడలేదు). చివరికి గుడ్డ నా భుజం మీద వేసి, "అలంకరించిన గడప అని ఒక బోర్డు రాసి పెట్టవయ్యా" అని, తొక్కకుండా దాటి లోపలికెళ్ళారు.

కాంట్రాక్టు పొడిగించారు. పసుపు వెలిసిపోయాక ఆయనే ఫోన్ చేసి, మీ మేనత్తగారు మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగారు. ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆవిడ వస్తూనే ఉంది. ఆవిడ పోయాక శుక్రవారాలు నేనే రాస్తున్నాను. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి చూసి, మగవాళ్ళు రాయొచ్చా సార్ అని అడిగింది. డ్యూటీలో భాగమమ్మా అన్నాను, గొంతు గంభీరంగా పెట్టి. రెండు చేతులకీ పసుపుతో గొంతుక్కూర్చుని ఆ మాట అన్నందుకు నాకే నవ్వొచ్చింది. ఆ నవ్వు పంచుకోవడానికి అత్త ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.