మా పెరట్లో నాపరాళ్లు పరిచిన సంగతి

యుద్ధం రోజులు. మా ఆయన మాచర్లలో లెక్కల మాస్టారు. నేను కాపురానికి కొత్త. వాన పడితే మా పెరడంతా బురదే. పక్కింటి బాబాయి క్వారీలో పనిచేసేవాడు. ఆయన ఒక బండెడు విరిగిన నాపరాళ్లు తెచ్చి పోశాడు. ఏ రెండు ముక్కలూ ఒక్కలా లేవు.

మా ఆయనకు పండగే. ప్రతి రాయి అంచులూ టేపుతో కొలిచి, సుద్దముక్కతో నంబర్లు వేసి, కాగితం మీద పటం గీశారు. వారం గడిచింది. ఒక్క రాయీ కదల్లేదు.

నాకేమో ఆ కొలతలు తలకెక్కేవి కావు. గుట్టను చూస్తే ఒకటి గేదె మూతిలా, ఇంకొకటి కొరికిన రొట్టెలా, మరొకటి మా అత్తగారు అలిగి అటు తిరిగి కూర్చున్నట్టు కనబడేవి. ఏ ఒంపులో ఏది ఒదుగుతుందో చూడగానే తెలిసిపోయేది.

ఒకరోజు ఆయన బడికి వెళ్లగానే బాబాయిని సాయం పిలిచి, తడిగుడ్డతో నంబర్లన్నీ తుడిచేశాను.

"మాస్టారు నన్ను తిడతాడు అమ్మాయ్" అన్నాడు బాబాయి.

"నా పేరు చెప్పు. ముందు ఆ గేదె మూతి ఇట్టా పట్టుకురా."

"గేదె మూతేంది?"

చూపించాను. గడ్డపార వదిలేసి నవ్వాడు. ఆ తర్వాత ఆయనే, "ఇది మా బావమరిది ముక్కు, ఏడ పెడదాం?" అని అడగడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి పెరడంతా పరిచేశాం. వేలు దూరే సందు లేదు.

మా ఆయన వచ్చి వంగి, అతుకులన్నీ గోటితో గీకి చూశారు. నేను మూడు రోజులు ఆయనకు గేదె మూతి సంగతి చెప్పుకుంటూ తల ఎగరేసుకుని తిరిగాను.

నాలుగో రోజు వాన. నీళ్లన్నీ తిన్నగా నా వంటింట్లోకొచ్చి పొయ్యి ఆర్పేశాయి. ఆయన గడప మీద నిలబడి, తీరిగ్గా కాగితం విప్పి, దాని మీద గీసిన బాణం చూపించారు.

"ఏమే, వాలు కాలవ వైపు ఉండాలని ఈడ రాశా. నీ గేదె ఇంట్లోకొస్తంది చూడు."

ఉడుక్కోబోయి నవ్వేశాను. రాళ్లన్నీ ఊడదీశాం. ఆయన దారం కట్టి వాలు చూపించారు, నేను రాళ్లు చెప్పాను, పాపం బాబాయి మోశాడు.

అప్పటినుంచి జామెట్రీలో చిక్కుపడినప్పుడల్లా ఆయన పటం నా ముందు పెట్టేవారు. "నీకేం కనబడతంది?"

"గొడుగు. కర్ర లేదు."

కాసేపు చూసి, త్రిభుజం నడిమధ్య నిలువుగా ఒక గీత గీసేవారు. లెక్క తెగేది. మర్నాడు క్లాసులో అదంతా తన బుర్రలో పుట్టినట్టే చెప్పేవారని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.